మనీ ప్లాంటుకు నీళ్ళ సీసా వద్దు, మట్టి కుండీ చాలు



జ్వరాలు, రక్తపోటు, మధుమేహం గురించి వ్రాసే వైద్యుడు ఇవాళ మొక్కల పెంపకం గురించి వ్రాస్తున్నాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వర్షాకాలం మొదలైతే చాలు, డెంగీ జ్వరాల వార్తలు మొదలవుతాయి. మురుగు కాలువలను, మునిసిపాలిటీని తిట్టుకుంటాం. డెంగీని మోసుకొచ్చే దోమ మాత్రం మురుగు కాలువ కంటే మన హాలులోని గాజు సీసానే ఎక్కువగా ఇష్టపడుతుంది. ఆ సీసాలో మనం ముచ్చటగా పెంచుకుంటున్నది మనీ ప్లాంటు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. ఈ మొక్కతో నాకు ఏ వైరమూ లేదు. మా ఇంట్లో తూర్పు కిటికీ ప్రక్కన కూడా ఒకటి ఉంది. ఎండ తక్కువైనా, నీరు తక్కువైనా ఓర్చుకొని, ఏడాది పొడవునా పచ్చగా ఉండే తీగ ఇంతకంటే తేలికైనది మరొకటి దొరకదు. నా అభ్యంతరమల్లా దీనిని మనం పెంచే తీరు మీద, దీని పేరు చెప్పుకొని నమ్ముతున్న కొన్ని మాటల మీద.

మొదట పేరు సంగతి. డబ్బుకూ ఈ తీగకూ ఏ సంబంధమూ లేదు. ఆగ్నేయ మూలన పెట్టాలనీ, తీగ నేలకు తగలరాదనీ, ఎవరింట్లోనో చెప్పకుండా త్రుంచి తెస్తేనే కలిసివస్తుందనీ అంటారు. ఈ మొక్క పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తహితి దగ్గరున్న మోరియా అనే చిన్న దీవి. శాస్త్రజ్ఞులు దీనికి మొదటిసారి పేరు పెట్టినది 1880లో. అప్పుడు పోథోస్ ఆరియస్ అన్నారు. ఆ తరువాత రెండు మూడు పేర్లు మారి ఇప్పుడు ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ దగ్గర నిలిచింది. ఎక్కడో సముద్రాల అవతలి దీవిలో ఉన్న తీగకు మన ప్రాచీన వాస్తు గ్రంథాలు దిక్కు ఎలా నిర్ణయించి ఉంటాయో చెప్పేవారే చెప్పాలి. ఇక దొంగిలించి తెచ్చుకోవడం గురించి: ఈ మొక్క సాధారణంగా పూయదు, కాయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తగినంత తయారుచేసుకోలేకపోవడమే అందుకు కారణమని 2016లో పరిశోధకులు వివరించారు. కాబట్టి మన ఊళ్ళలో ఉన్న మనీ ప్లాంట్లన్నీ ఒకరి తీగ నుండి మరొకరు త్రుంచుకున్న ముక్కలే. అడిగితే కాదనేవారు ఎవరూ ఉండరు. అడిగి తెచ్చుకోండి.

ఇంతకంటే పెద్ద నమ్మకం గాలి గురించినది. ‘ఇది గాలిని శుద్ధి చేస్తుంది, నాసా వాళ్ళే చెప్పారు’ అన్న మాట మీరు వినే ఉంటారు. నర్సరీలలో కుండీకి అంటించిన కాగితం మీద కూడా వ్రాసి ఉంటుంది. ఈ మాటకు మూలం లేకపోలేదు. 1989లో బి.సి. వుల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు నాసా తరఫున, అమెరికాలోని ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ల సంఘంతో కలిసి ఒక ప్రయోగం చేశారు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలలో మొక్కలను ఉంచి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషవాయువులను లోపలికి పంపి, కొన్ని గంటల తరువాత అవి ఎంత తగ్గాయో కొలిచారు. తగ్గాయి. మనీ ప్లాంటు కూడా ఆ మొక్కలలో ఉంది. ఇంతవరకు నిజమే. కాని ఆ ప్రయోగం అంతరిక్ష నౌకవంటి మూసిన చోటు కోసం ఆలోచించినది. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు తీస్తాం, కిటికీ తీస్తాం, తలుపు క్రింద సందు ఉంటుంది. బయటి గాలి లోపలికి, లోపలి గాలి బయటికి నిత్యం పోతూనే ఉంటుంది.

2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ కమ్మింగ్స్, మైఖేల్ వారింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు వచ్చిన పన్నెండు అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. భవనంలో మామూలుగా ఆడే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే ఒక్కొక్క చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు ఉండాలని తేలింది. మీ పడకగది పది అడుగులకు పన్నెండు అడుగులు అనుకోండి. అది సుమారు 11 చదరపు మీటర్లు. అన్నిటికంటే తక్కువ అంకె తీసుకున్నా 110 కుండీలు కావాలి. అప్పుడు మంచానికి చోటుండదు. అదే పని ఒక కిటికీ తెరిస్తే జరుగుతుంది, ఖర్చు లేకుండా.

ఆక్సిజన్ సంగతీ అంతే. కోవిడ్ రోజుల్లో, ఆక్సీమీటరులో అంకె తగ్గిన మనిషి మంచం ప్రక్కన మనీ ప్లాంటు పెడితే ఉపయోగం ఉంటుందా అని నన్ను ఫోనులో అడిగినవారున్నారు. ఆందోళనలో ఉన్నవారిని తప్పు పట్టలేము గాని, లెక్క ఒకసారి చూడండి. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. అంటే రోజుకు 360 లీటర్లు. పైన చెప్పిన గదికి పది అడుగుల ఎత్తు ఉంటే, ఒక్క మొక్క లేకపోయినా దానిలో ఏ క్షణంలోనైనా దాదాపు 7000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. కొరత గదిలో లేదు. జబ్బుపడిన ఊపిరితిత్తి ఆ ఆక్సిజన్‌ను రక్తంలోకి పంపలేకపోవడమే అసలు ఇబ్బంది. దానికి ఆసుపత్రి కావాలి, ఆకులు కాదు. దీనికి ఎదురుగా మరొక అపోహ ఉంది: రాత్రిపూట మొక్కలు బొగ్గుపులుసు వాయువును వదులుతాయి కాబట్టి పడకగదిలో ఉంటే ప్రాణాపాయమని. ప్రక్కన పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే ఒక కుండీ వదిలేది లెక్కలోకి రాదు. మొక్క పడకగదిలో ఉన్నా నష్టం లేదు, లేకపోయినా నష్టం లేదు.

మన ఇళ్ళలో గాలిని పాడుచేసేవి మన చేతిలోనే ఉన్నాయి. మూసిన గదిలో అగరుబత్తులు, చిమ్నీ లేని వంటగదిలో పోపు పొగ, సిగరెట్టు, అన్నిటికంటే మించి దోమల కాయిల్. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి కణాలు 75 నుండి 137 సిగరెట్ల పొగలోని కణాలతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తెలియజేసింది. ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. హాలులో నీళ్ళ సీసాలో మనీ ప్లాంటు. ఆ నీళ్ళలో పుట్టిన దోమలు. ఆ దోమల కోసం రాత్రంతా కాయిల్ పొగ. ఆ పొగను మనీ ప్లాంటు శుద్ధి చేస్తుందన్న ధైర్యం. ఉబ్బసం ఉన్న పిల్లవాడు అదే గదిలో నిద్రపోతుంటాడు. ఇది కల్పన కాదు, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇటువంటి ఇళ్ళు ఎన్నో చూశాను.

ఇక దోమ సంగతికి వస్తాను. డెంగీని, చికున్‌గున్యాను వ్యాపింపజేసేది ఏడిస్ దోమ. నల్లని ఒంటి మీద, కాళ్ళ మీద తెల్లని చారలు ఉంటాయి. పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. మురికి నీటిలో గ్రుడ్లు పెట్టడం దీని స్వభావం కాదు. తేటగా, కదలకుండా, కాస్త నీడలో ఉన్న నీరు దానికి కావాలి. మనీ ప్లాంటు సీసాకు సరిపోని లక్షణం ఇందులో ఒక్కటైనా ఉందా? సీసాలోని వేర్లు, రాలిన ఆకు ముక్కలు కుళ్ళి నీటిలో కలిసేవి పిల్లలకు ఆహారం కూడా అవుతాయి.

మీరు తప్పక తెలుసుకోవలసినది ఆ దోమ గ్రుడ్లు పెట్టే పద్ధతి. అది నీటి మధ్యలో పెట్టదు. నీటి మట్టానికి కొంచెం పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్క గ్రుడ్డునే అంటిస్తుంది. నల్లగా, ఆవగింజ కంటే చిన్నవిగా ఉంటాయి, కంటికి మట్టిలాగే కనిపిస్తాయి. సీసా ఎండిపోయినా ఆ గ్రుడ్లు చావవు. నెలల తరబడి అలాగే ఉండి, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. మన వాతావరణంలో గ్రుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి ఏడు నుండి పది రోజులు చాలు. అందువల్ల ‘మేము నీళ్ళు మారుస్తూనే ఉన్నాము, డాక్టరుగారూ’ అనేవారి ఇంట్లో కూడా దోమలు పుడుతుంటాయి. నీళ్ళు పారబోసి మళ్ళీ నింపితే లార్వాలు పోతాయి, గోడకు అంటిన గ్రుడ్లు పోవు. పైగా కొత్తగా నింపిన నీరే వాటిని పొదిగిస్తుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజుల్లో, డెంగీ కేసు వచ్చిన వీధికి మలేరియా సిబ్బందితో కలిసి వెళ్ళేవాడిని. ఇంటి చుట్టూ కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, తొట్లు చూడటం అందరికీ అలవాటే; వాటిని బోర్లించమంటే ఎవరూ కాదనరు. ఇంటి లోపలికి వెళ్ళి, టీవీ ప్రక్కనున్న సీసాను వెలుగుకు ఎత్తి చూపిస్తే మాత్రం ఇంటివారికి నమ్మకం కలిగేది కాదు. తలక్రిందులుగా వేలాడుతూ, సీసాను కదిపితే గిలగిలలాడుతూ అడుగుకు పోయే సన్నని పురుగులను కళ్ళారా చూసిన తరువాత కూడా ఒక ఇల్లాలు ‘అది లక్ష్మి అండీ, మంగళవారం పూట పారబోయకండి’ అని సీసాకు అడ్డంగా నిలబడింది. ఆమె కుమారుడు అప్పటికే జ్వరంతో మంచం మీద ఉన్నాడు. మా సిబ్బందిలో ఒక పెద్దమనిషి ఎంతో ఓర్పుగా, ‘తీగను కుండీలో నాటి ఇస్తానమ్మా, లక్ష్మి ఎక్కడికీ పోదు’ అని చెప్పి, అక్కడికక్కడే పెరట్లో ఒక పగిలిన కుండ వెదికి నాటిపెట్టాడు. ఎన్ని ఆరోగ్య ప్రసంగాలకైనా అంత ఫలితం ఉండదని ఆనాడే నాకు అనిపించింది.

మన రెండు రాష్ట్రాలలోనూ శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని ఆరోగ్యశాఖ చెబుతుంది. వారానికి ఒకసారి అని ఎందుకు అన్నారో పైన చెప్పిన ఏడు రోజుల లెక్కను బట్టి మీకు అర్థమై ఉంటుంది. సీసాలోనే పెంచి తీరాలనుకునేవారు ప్రతి శుక్రవారం తీగను బయటికి తీసి, వేర్లను కుళాయి క్రింద కడిగి, సీసా లోపలి గోడలను పీచుతో లేదా సీసాలు కడిగే బ్రష్షుతో గట్టిగా రుద్ది, ఆ తరువాతనే కొత్త నీరు పోయాలి. గులకరాళ్ళు వేసి ఉంటే వాటిని కూడా రుద్దాలి. సీసా మూతి దగ్గర తీగ చుట్టూ దూదిని సందు లేకుండా కూరితే దోమ లోపలికి పోలేదు. పారబోసే నీటిని తొట్టిలోనో బకెట్టులోనో కాక, ఎండ తగిలే పొడి నేల మీద పోయండి. సంవత్సరంలో 52 శుక్రవారాలూ ఈ పని చేయగలనన్న నమ్మకం మీకు ఉంటే సీసాలో పెంచండి. నా అనుభవంలో మూడవ వారానికి ఎవరూ చేయరు. ఊరికి వెళ్ళినప్పుడు సంగతి వేరే చెప్పనక్కరలేదు. పదిహేను రోజులు తాళం వేసిన ఇంట్లోని సీసా ఒక దోమల కర్మాగారం.

కాబట్టి నా సలహా ఒక్కటే. సీసా తీసివేసి మట్టిలో నాటండి. మొక్కకు కూడా అదే మంచిది. నీళ్ళలో పెరిగే తీగ బ్రతుకుతుంది గాని పెద్దగా ఎదగదు. ఆకులు చిన్నవిగా, పాలిపోయినట్లు ఉంటాయి. నీటిలో దానికి పోషకాలు ఎక్కడివి?

నాటే పని కష్టమేమీ కాదు. తీగ మీద ప్రతి ఆకు మొదట్లో కణుపు ఉంటుంది, ఆ కణుపు దగ్గర గోధుమ రంగులో చిన్న బుడిపె వంటి వేరు పొడుచుకొని ఉంటుంది. కొత్త వేరు వచ్చేది అక్కడి నుండే. కణుపు లేకుండా ఆకును, కాడను మాత్రమే త్రుంచి నాటితే ఎన్నాళ్ళున్నా కొత్త చిగురు రాదు. రెండు మూడు కణుపులున్న ముక్కను, కణుపుకు కొంచెం క్రిందుగా శుభ్రమైన కత్తెరతో కోసి, ఒక కణుపు మట్టిలోకి పోయేటట్లు నాటాలి. ఒక కుండీలో నాలుగైదు ముక్కలు నాటితే గుబురుగా వస్తుంది. వర్షాకాలం ఇందుకు మంచి అదను. రెండు మూడు వారాలలో వేర్లు పట్టుకుంటాయి.

కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. అందంగా ఉన్నాయని అడుగున రంధ్రం లేని పింగాణీ పాత్రలలో నాటుతున్నారు. అవి మొక్కకు సమాధులే. రంధ్రం మీద పెంకు ముక్క ఒకటి పెట్టి, ఎర్రమట్టిలో కొబ్బరి పొట్టు, కొంత ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు కలిపి నింపండి. నీరు పోస్తే నిమిషంలో అడుగుకు దిగిపోవాలి, పైన నిలబడకూడదు. కుండీ క్రింద పెట్టే పళ్ళెంలో నీరు నిలిస్తే సీసాకు బదులు పళ్ళెం దోమలకు ఇల్లవుతుంది. నీరు పోసిన అరగంటకు పళ్ళెం ఒంపివేయండి, లేదా పళ్ళెంలో ఇసుక నింపి ఉంచండి.

ఈ మొక్క చనిపోయిందంటే చాలావరకు ఎక్కువ నీటివల్లనే. తులసికి పోసినట్లు రోజూ ఉదయం చెంబెడు నీళ్ళు పోస్తారు. వేర్లకు గాలి ఆడక కుళ్ళిపోతాయి. ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అది చూసి నీరు చాలలేదనుకొని ఇంకొక చెంబు పోస్తారు. మట్టిలోకి చూపుడువ్రేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీరు అక్కరలేదు. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుండి కారేవరకు పోయండి. వేసవిలో బాల్కనీలో ఉన్న కుండీకి రెండు మూడు రోజులకొకసారి, వానాకాలంలో గదిలో ఉన్నదానికి వారం పది రోజులకొకసారి అవసరం కావచ్చు. తేదీలను బట్టి కాక వ్రేలిని బట్టి నడుచుకోండి. నీరు తక్కువైతే ఆకులు వాలిపోయి తానే చెబుతుంది, పోసిన కొద్ది గంటలకు లేచి నిలబడుతుంది. ఎక్కువైన నీటిని మాత్రం వెనక్కి తీసుకోలేము.

వెలుతురు కావాలి, మండుటెండ వద్దు. మే నెలలో పడమటి బాల్కనీలో పెడితే ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు కాలినట్లు వస్తాయి. తూర్పు కిటికీ అన్నిటికంటే అనుకూలం. మరీ చీకటి మూలన పెడితే చావదు గాని, కొత్తగా వచ్చే ఆకులలో పసుపు చారలు మాయమై మొత్తం పచ్చగా వస్తాయి, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరిగి తీగ బోసిగా సాగుతుంది. ఆకుల మీద పేరుకున్న దుమ్మును నెలకు రెండుసార్లు తడిగుడ్డతో తుడవండి. ఆకు అడుగున, కణుపుల దగ్గర తెల్లని పిండిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి; పలుచని సబ్బు నీళ్ళలో ముంచిన దూదితో తుడిచివేస్తే సరిపోతుంది. ఇంట్లో ఉండే మొక్కకు, పిల్లలు తిరిగేచోట, పురుగుమందులు కొట్టవద్దని నా గట్టి మాట.

తీగను వ్రేలాడదీయడం కంటే ప్రాకించడం మేలు. మన పల్లెల్లో కొబ్బరి చెట్టు మీదికో మామిడి చెట్టు మీదికో ఎగబ్రాకిన మనీ ప్లాంటును చూసినవారికి అది మన సీసాలోని మొక్కేనంటే నమ్మకం కలగదు. ఆకు చేటంత అవుతుంది, అంచులు చీలికలు చీలికలుగా విడిపోతాయి. పుట్టుకతో అది అడవి తీగ; చెట్టును పట్టుకొని వెలుగు కోసం పైకి పోవడం దాని తత్త్వం. ఒక పైపు ముక్కకు కొబ్బరి పీచు త్రాడు దట్టంగా చుట్టి కుండీ మధ్యలో పాతి, తీగను దానికి వదులుగా కట్టి, పీచును అప్పుడప్పుడు తడుపుతూ ఉంటే, కణుపుల వేర్లు దానిని పట్టుకొని పైకి పోయేకొద్దీ ఆకులు పెద్దవవుతాయి.

ఇందులో పెద్దలకు సంబంధించిన సంగతి ఒకటుంది. పైకప్పుకు వ్రేలాడే కుండీలకు నీళ్ళు పోయడానికి డెబ్బై ఏళ్ళవారు స్టూలు ఎక్కుతారు. కారిన నీటితో టైల్సు జారుతాయి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మళ్ళీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో నేను వేరే చెప్పనక్కరలేదు. కుండీని నడుము ఎత్తులో, బల్ల మీద పెట్టుకోండి. మట్టి పని చేసేవారు ధనుర్వాతం టీకాను పదేళ్ళకొకసారి వేయించుకోవడం మరువకండి.

ఇప్పుడు ఆకు గురించి. మనీ ప్లాంటు మన కందకు, చేమకు దగ్గరి చుట్టం, ఒకే కుటుంబం. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని మన పెద్దలు అననే అన్నారు. ఆ దురద ఎక్కడి నుండి వస్తుందంటే, కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనబడని సన్నని సూదుల రూపంలో ఆ మొక్కల కణాలలో కట్టలు కట్టి ఉంటుంది. మూత్రపిండాలలో వచ్చే రాళ్ళలో ఎక్కువ భాగం కూడా ఈ పదార్థమే. ఆకును నమిలినప్పుడు ఆ సూదులు బయటపడి నాలుకకు, పెదవులకు, గొంతుకు గ్రుచ్చుకుంటాయి. కందను చింతపండు పులుసు పోసి ఉడికిస్తే తినవచ్చు గదా, ఇదీ అంతేనా అని ప్రయోగాలు చేయవద్దు. ఇది కూర కాదు.

ఈ ఆకు చూపుకు తమలపాకును పోలి ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ తాంబూలం వేసుకోవడం చూసిన రెండేళ్ళ పిల్ల చేతికందిన మనీ ప్లాంటు ఆకును నోట్లో పెట్టుకోవడంలో వింత లేదు. అటువంటి పిల్లలను తల్లిదండ్రులు గాభరాగా ఆసుపత్రికి తెచ్చేవారు: చొల్లు ఆగకుండా కారుతూ, పెదవులు ఉబ్బి, ఏడుస్తూ. భయపడనవసరం లేదు, ప్రాణం తీసే విషం కాదు. నోట్లోని ఆకు ముక్కలను తడిగుడ్డతో తీసివేసి, నోరు కడిగించి, చల్లని నీళ్ళు గాని, పాలు గాని, పెరుగు గాని కొద్దికొద్దిగా పట్టండి. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. లోపలికి పోయిన సూదులు మళ్ళీ గొంతులో గ్రుచ్చుకుంటాయి. నాలుక బాగా వాచినా, గొంతు మారినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కంట్లో రసం పడితే పావుగంట సేపు ధారగా మంచినీటితో కడిగి వైద్యునికి చూపించండి. కొందరికి తీగ కోసినప్పుడు కారే రసంవల్ల చేతులు దురదపెట్టి దద్దురు వస్తుంది. చేతి తొడుగులు వేసుకుంటే సరి. కుక్కలకు, పిల్లులకు కూడా ఈ ఆకు పడదు. ప్రాకే వయసు పిల్లలున్న ఇంట్లో, తీగ నేల మీదికి సాగనివ్వకుండా కత్తిరించి ఉంచడమే మార్గం.

క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు ఉన్న గదిలో మట్టి కుండీలు పెట్టవద్దు. తడి మట్టిలో బూజు ఉంటుంది. మామూలు మనిషికి ఏమీ చేయని ఆ బూజు రోగనిరోధక శక్తి పడిపోయినవారి ఊపిరితిత్తులలో ప్రమాదం తెస్తుంది.

ఇన్ని చెప్పిన తరువాత, మరి మొక్క ఎందుకు పెంచాలని అడగవచ్చు. చూడటానికి బాగుంటుంది కనుక. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం శస్త్రచికిత్స జరిగిన రోగులను పోల్చి చూశారు. కిటికీలో నుండి చెట్లు కనిపించే గదుల్లోని 23 మంది, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదుల్లోని 23 మంది కంటే కొంత ముందుగా ఇంటికి వెళ్ళారు, నొప్పికి వాడే ఘాటైన మందులు వారికి తక్కువే అవసరమయ్యాయి. అది చిన్న అధ్యయనం. పైగా అది బయటి చెట్ల గురించినది, కుండీ గురించినది కాదు. అయినా, పచ్చదనం మనసుకు హాయినిస్తుందని చెప్పడానికి నాకు అంతకంటే ఋజువు అక్కరలేదు. పదవీ విరమణ చేసినవారికి, పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారికి, ఉదయం లేవగానే కొత్త ఆకు చుట్ట విప్పుకుందా లేదా అని చూసుకునే పని ఒకటి ఉండటం మంచిదే. ఆ మేలుకు వాస్తు, నాసా తోడు అవసరం లేదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కడి అంగళ్ళలో మనీ ప్లాంటు అని అడిగితే వేరే మొక్క ఇస్తారు. పోథోస్ అని అడగాలి. చలికాలంలో దానిని మంచు పట్టే కిటికీ అద్దానికి ఆనించి ఉంచవద్దు, చలికి ఆకులు నల్లబడతాయి.

ఈ వానాకాలంలో జ్వరం వస్తే ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు మీ అంతట మీరు మింగవద్దు; పారాసిటమాల్ చాలు, నీరు బాగా త్రాగండి, రెండు రోజులకు తగ్గకపోతే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. డెంగీలో జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన సమయం. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే ప్లేట్లెట్ల లెక్క కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రిలో చేర్చాలి.

వచ్చే శుక్రవారం సీసాలోని తీగను కుండీలోకి మార్చేటప్పుడు, నీళ్ళలో పెరిగిన వేర్లు మట్టికి అలవాటు పడేవరకు మొదటి రెండు వారాలు మట్టిని కొంచెం తేమగా ఉంచండి. ఒకటి రెండు పాత ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలవచ్చు, కంగారుపడవద్దు. మిగిలిన తీగ ముక్కలను చెరువు గట్టునో, అడవి అంచునో పారవేయకండి. శ్రీలంక వంటి చోట్ల ఇది అడవిలోకి ప్రాకి స్థానిక మొక్కలను కప్పివేసింది. ఇరుగుపొరుగుకు ఇవ్వండి, మట్టి కుండీలోనే నాటమని చెప్పి మరీ ఇవ్వండి. ఖాళీ అయిన సీసాను లోపల రుద్ది కడిగి, బోర్లించి ఆరబెట్టి, మూత పెట్టి అటక మీద పెట్టుకోండి.